పచ్చళ్ళ దుకాణానికి ఉచిత వెబ్‌సైటు: ప్రాజెక్టు డైరీ

పని: ఇంటి దగ్గర పచ్చళ్ళు, పొడులు చేసి కొరియరులో పంపే చిన్న యూనిటుకు సైటు. సరుకు 14 రకాలు: శాకాహారం 12, మాంసాహారం 2. ఒక్కో రకానికి 250 గ్రాములు, 500 గ్రాములు, 1 కిలో, అంటే మొత్తం 42 ధరలు. ధరలు మార్చే మనిషి చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను ఒక్కటే. ఏడాది ఖర్చుకు గీసుకున్న గీత రూ. 1,000.

సాధనం ఎంచుకోవడానికి పెట్టుకున్న షరతులు:

1. సొంత చిరునామా ఉండాలి. సాధనం పేరు తోకలా తగిలి ఉండకూడదు.
2. ధర ఫోనులో మారాలి. కంప్యూటరు తెరవాల్సిన పని పడకూడదు.
3. తెలుగు వత్తులతో సహా సరిగ్గా కనబడాలి.
4. ఆర్డరు వాట్సాప్‌కు రావాలి.
5. సాధనం రేపు మూతబడినా సైటు ఒక్క రోజులో వేరే చోటికి వెళ్ళిపోవాలి.

అయిదోది చాదస్తం కాదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో (మ్యాపుల్లో, వెతుకులాటలో దుకాణం వివరాలు చూపే ఉచిత సేవ) పాటు ఉచితంగా ఇచ్చిన సైట్లన్నీ 2024 మార్చిలో ఆగిపోయాయి. ఆ చిరునామాను కవర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చేయించుకున్న దుకాణాలకు ఆ అచ్చు ఖర్చు దండగే. ఉచితంలో అసలు ధర చేరేటప్పుడు తెలియదు, ఖాళీ చేసేటప్పుడు తెలుస్తుంది.

దశ 1: జల్లెడ

ఒక్క సైటు కూడా కట్టకుండా, నిబంధనలూ పరిమితులూ చదివే సగం పేర్లు కొట్టేయవచ్చు. రెండు రోజులు ఆదా అవుతాయి.

గిట్‌హబ్ పేజెస్ (కోడు దాచుకునే గిట్‌హబ్ ఇచ్చే సైటు చోటు): ఉచితం, వేగం, ప్రకటనలు లేవు. కానీ ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికీ, అమ్మకాలే ముఖ్యమైన సైట్లకూ వాడకూడదని నిబంధనల్లోనే ఉంది. "అందరూ వాడుతున్నారు కదా" అనే మాట ఖాతా ఆగిన రోజున పనికిరాదు. కొట్టివేత.

వెర్సెల్ (సైట్లకు చోటిచ్చే మరో సేవ) హాబీ ప్లాన్: సొంత, వాణిజ్యేతర వాడకానికే. కొట్టివేత.

విక్స్ (కోడు లేకుండా సైటు కట్టే సాధనం) ఉచిత ప్లాన్: పేజీ మీద విక్స్ ప్రకటన, చిరునామాలో విక్స్ పేరు, 500 ఎంబీ చోటు. సొంత డొమైన్ (సైటు చిరునామా) తగిలించాలంటే డబ్బు కట్టాలి. కట్టిన సైటును ఫైళ్ళుగా బయటికి తీసుకుని వేరే చోట పెట్టుకునే దారి లేదు. ఒకటో షరతూ అయిదో షరతూ రెండూ పోయాయి.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్: 1 జీబీ చోటు, వాళ్ళ ప్రకటనలు, ప్లగిన్లు (అదనపు సౌకర్యాల ముక్కలు) లేవు, సొంత డొమైన్‌కు డబ్బు. రాసిన సరుకును ఎగుమతి చేసుకోవచ్చు, అదొక్కటే మేలు. ఇక్కడ చాలామంది పొరబడతారు: వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరు ఉచితమే, అది కూర్చోవడానికి హోస్టింగు (సైటు ఫైళ్ళు ఉండే సర్వరు చోటు) మాత్రం కొనాలి. అప్‌డేట్లు చూసే మనిషి లేని చోట అది హ్యాకైన సైటుగా మారడానికి ఆట్టే కాలం పట్టదు.

ఉచిత డొమైన్లు: డాట్ టీకే లాంటివి పంచిన ఫ్రీనామ్ 2023లో కొత్త నమోదులు ఆపి, 2024లో ఆ వ్యాపారమే మానుకుంది. పాత వీడియోలు చూసి ఇంకా వెతికేవాళ్ళున్నారు. ఆ దారి మూసుకుపోయింది.

జల్లెడలో మిగిలినవి మూడు: గూగుల్ సైట్స్ (గూగుల్ వాళ్ళ సైటు కట్టే సాధనం), బ్లాగర్ (వాళ్ళదే బ్లాగు సాధనం), క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ (మనం చేసుకున్న సైటు ఫైళ్ళకు చోటు). మూడింటికీ సొంత డొమైన్ ఉచితంగా తగిలించుకోవచ్చు.

ఇప్పటివరకు: 3 గంటలు, రూ. 0.

దశ 2: గూగుల్ సైట్స్

ఫొటోలు, పరిచయం, ఫోను నంబరు గంటన్నరలో కుదిరాయి. చిక్కంతా ధరల పట్టికతోనే.

ధరలు గూగుల్ షీటులో పెట్టి, ఆ షీటును పేజీలో పొదిగాం. కంప్యూటరులో ముచ్చటగా ఉంది. ఫోనులో కిలో ధర కనబడలేదు. కారణం లెక్కలోనే ఉంది: షీటులో ఒక్కో నిలువు వరుస వెడల్పు మామూలుగా 100 పిక్సెళ్ళు. పేరు, మూడు ధరలు కలిపి నాలుగు వరుసలు, 400. మామూలు ఆండ్రాయిడ్ తెర వెడల్పు 360. చివరి వరుస తెర అంచు దాటి పోయింది. పక్కకు జరిపి చూడాలని చూసేవాళ్ళకు తట్టదు, "కిలో ఎంత?" అని వాట్సాప్‌లో అడుగుతారు.

సవరణ: పేరుకు 120, ధరలకు తలా 70. మొత్తం 330. సరిపోయింది.

కానీ పొదిగిన షీటు పేజీలోకి తెరిచిన కిటికీ లాంటిది. పేజీలో సొంతంగా ధర అన్న మాటే లేదు. అక్షరం సైజు, వరుసల మధ్య దూరం మన చేతిలో లేవు, వత్తులు కిందివరుసకు తగులుతున్నాయి. వెతుకులాట ఫలితాల్లో పేజీ పేరు కింద రావాల్సిన రెండు వరుసల వివరణ రాసుకునే చోటు కూడా గూగుల్ సైట్స్‌లో లేదు.

కోడు ముట్టుకునే మనిషి ఒక్కరూ లేని దుకాణమైతే ఇక్కడే ఆగిపోవచ్చు. పదీ పదిహేను రకాల సరుకుకు ఇది చాలు. ఈ ప్రాజెక్టులో రోజుకు రెండు గంటలు కూర్చునే మనిషి ఉన్నారు కాబట్టి ముందుకు వెళ్ళాం.

ఇప్పటివరకు: 7 గంటలు, రూ. 0.

దశ 3: బ్లాగర్

తెలుగు బ్లాగులు ఏళ్ళ తరబడి బతికిన ఇల్లు. దుకాణానికి వాడితే తగిలే దెబ్బలు వేరు.

పోస్టుకు పేరు తెలుగులో పెడితే చిరునామాలో ఆ పేరు రాదు. "బ్లాగ్-పోస్ట్" అనే ఉత్త మాట వస్తుంది, రెండో పోస్టుకు దాని వెనక ఒక అంకె. ఆవకాయకూ గోంగూరకూ చిరునామాలో తేడా ఉండదు. ప్రచురించే ముందే కుడి పక్క పర్మాలింక్ (పోస్టు చిరునామా) దగ్గర ఇంగ్లీషు అక్షరాలతో మనమే పేరు టైపు చేయాలి. ప్రచురించాక మార్చాలంటే పోస్టును డ్రాఫ్టులోకి వెనక్కి తెచ్చుకోవాలి, అప్పటికే పంపిన లింకులు చస్తాయి. పోస్టుల చిరునామాలో ఏడాది, నెల కూడా ఉంటాయి. నిరుడు పెట్టిన మాగాయ చూడగానే పాత సరుకులా అనిపిస్తుంది. పోస్టులు మానేసి "పేజీలు" వాడితే తేదీ బెడద ఉండదు.

ఇంత సవరించినా రెండో షరతు దగ్గర కూలింది. ఫోను బ్రౌజరులో పట్టికలోని ఒక గడిని మార్చబోతే పక్క గడి చెరిగింది. మూడుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లు పట్టిక విరిగింది. ఏడాదిలో ధరలు ఎక్కువగా మారేది కొత్త మామిడికాయ దిగే వేసవిలో, సరిగ్గా చేతులకు నూనె అంటుకుని ఉండే రోజుల్లో.

ఇప్పటివరకు: 10 గంటలు, రూ. 0.

దశ 4: ఒకే పేజీ, పక్కన ఒక షీటు

చివరికి నిలిచిన అమరిక ఇది. పేజీ మామూలు హెచ్‌టీఎమ్ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ఫైలు. అది క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉంటుంది. ధరలు మాత్రం గూగుల్ షీటులో ఉంటాయి. పేజీ తెరుచుకోగానే చిన్న స్క్రిప్టు (బ్రౌజరులో నడిచే కోడు) షీటు నుంచి ధరలు తెచ్చి గడుల్లో నింపుతుంది. ధర మార్చే మనిషి ముట్టుకునేది షీట్స్ యాప్ ఒక్కటే.

క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లో ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదు, ఫైళ్ళు 20,000 దాటకూడదు. మన సైటు మొత్తం 18 ఫైళ్ళు.

చేసిన వరుస:

1. ఒక ఫోల్డరు. అందులో ఇండెక్స్ అనే హెచ్‌టీఎమ్ఎల్ ఫైలు, స్క్రిప్టు, లోగో, ఫొటోలు.
2. క్లౌడ్‌ఫ్లేర్ ఖాతా యజమాని ఈమెయిలుతో. సైటు కట్టే మనిషి ఈమెయిలుతో కాదు.
3. పేజెస్‌లో నేరుగా అప్‌లోడు చేసే పద్ధతి ఎంచుకుని ఫోల్డరును లాగి వదలడం.
4. వచ్చిన తాత్కాలిక చిరునామాను ఫోనులో తెరిచి చూడటం.

మూడో అంకెలో ఒక మెలిక. నేరుగా అప్‌లోడు పద్ధతితో మొదలుపెట్టిన ప్రాజెక్టును తర్వాత గిట్ (కోడు మార్పులు గుర్తుపెట్టుకునే సాధనం) పద్ధతికి మార్చడం కుదరదు, కొత్త ప్రాజెక్టు పెట్టుకోవాలి. సైటు కోడును గిట్‌లో ఉంచే ఆలోచన ఉంటే మొదటిరోజే తేల్చుకోండి. ఇక్కడ ఫైళ్ళు నెలకోసారి కూడా మారవు కాబట్టి అప్‌లోడు చాలు.

తప్పిన చోట్లు:

పేజీ దొరకలేదనే 404. ఇండెక్స్ ఫైలు జిప్పులో ఒక ఫోల్డరు లోపల ఉండిపోయింది. అది పై మట్టంలోనే ఉండాలి.

ఆరు ఫొటోలు మాయం. విండోస్‌లో ఫైలు పేరులో పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే, సర్వరులో కాదు. కెమెరా ఫైలు పేరు చివరి తోకను (జేపీజీ లాంటిది) పెద్దక్షరాల్లో పెట్టింది, పేజీలో చిన్నక్షరాల్లో రాశాం. అన్ని పేర్లూ చిన్నక్షరాల్లోకి మార్చి, పేరు మధ్యలో ఖాళీలు తీసేశాక కనబడ్డాయి.

తెలుగంతా పిచ్చి గుర్తులు. ఫైలు యూటీఎఫ్-8లోనే (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) ఉంది, ఆ సంగతి బ్రౌజరుకు చెప్పే మెటా వరుస లేదు. పేజీ కోడు పైభాగమైన హెడ్‌లో మొట్టమొదటి వరుసగా పెట్టాక సర్దుకుంది.

ఇక షీటు. ఫైలు మెనూలో "వెబ్‌లో ప్రచురించు" నొక్కి, సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసే) రూపం ఎంచుకుంటే ఒక లింకు వస్తుంది. ఇక్కడ నాలుగు గుంటలున్నాయి, మొదటిది ప్రమాదకరం.

మొదటిది: ప్రచురించేటప్పుడు "మొత్తం డాక్యుమెంటు" అని వదిలేస్తే అన్ని ట్యాబులూ బయటపడతాయి. రెండో ట్యాబులో కొనుగోలుదారుల పేర్లు, ఇళ్ళ చిరునామాలు ఉన్నాయి. ప్రచురించే ముందే కంటబడింది కాబట్టి సరిపోయింది. ట్యాబు ఎంచుకోవడంతో ఆగకుండా, ధరలకు అసలు వేరే ఫైలే పెట్టాం. ఆ ఫైల్లో ధరలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

రెండోది: రొయ్యల పచ్చడి కిలో ధర 1,600 కాస్తా 1 రూపాయి అయింది. షీటులో అంకె మధ్య కామా ఉంది, స్క్రిప్టు కామా దగ్గర కోసేస్తోంది. వెయ్యి లోపు ధరలన్నీ సరిగ్గా ఉండటంతో ఈ తప్పు వెంటనే దొరకలేదు. కామా బదులు ట్యాబ్‌తో విడదీసే టీఎస్‌వీ రూపానికి మార్చాం. షీటులోనూ అంకెల ఫార్మాటు నుంచి కామా తీసేశాం.

మూడోది: మారిన ధర సైటులోకి రావడానికి 5 నిమిషాల వరకు పడుతుంది. పని చేయలేదనుకుని మళ్ళీ మళ్ళీ మార్చవద్దని షీటు తలమీదే రాసి పెట్టాం.

నాలుగోది: ఖాళీ గడి. స్క్రిప్టు దాన్ని "రూ. 0" అని చూపింది. ఖాళీ ఉంటే "ప్రస్తుతం లేదు" అని చూపేలా మార్చాం. సరుకు అయిపోతే గడి చెరిపేస్తే చాలు, వేరే ఏర్పాటు అక్కర్లేదు.

షీటు అందకపోతే? చివరిసారి తెలిసిన ధరలు, వాటి తేదీ పేజీలోనే రాసి ఉంచాం. స్క్రిప్టు పనిచేస్తే వాటి మీద కొత్తవి వచ్చి కూర్చుంటాయి. లేకపోతే తేదీతో పాత ధరలు కనబడతాయి, కింద "ఆర్డరు ఖాయం చేసేముందు ధర చెబుతాం" అన్న వరుస ఉంటుంది.

ఇప్పటివరకు: 19 గంటలు, రూ. 0. పేజీ బరువు, ఫొటోలు కాకుండా: హెచ్‌టీఎమ్ఎల్ 22, స్క్రిప్టు 3, లోగో 6, ధరలు 2. మొత్తం 33 కేబీ.

దశ 5: ఫొటోలు

ఫోనులో తీసిన ఫొటో 4000 బై 3000 పిక్సెళ్ళు, సగటున 3.5 ఎంబీ. 14 కలిపి 49 ఎంబీ. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ (పేజీ వేగం కొలిచే గూగుల్ సాధనం) మొబైలు పరీక్షలో ఊహించుకునే నెమ్మది 4జీ వేగం సెకనుకు 1.6 మెగాబిట్లు. 49ని 8తో హెచ్చించి 1.6తో భాగిస్తే 245 సెకన్లు. నాలుగు నిమిషాలు దాటి ఆవకాయ కోసం ఎవరూ ఎదురుచూడరు, తినడానికైతే చూస్తారేమో.

360 పిక్సెళ్ళ తెరకు రెట్టింపు 720. కాబట్టి 800 వెడల్పు చాలు. స్క్వూష్ అనే ఉచిత సాధనం బ్రౌజరులోనే నడుస్తుంది. వెడల్పు 800, రూపం వెబ్‌పీ (తక్కువ బరువుండే ఫొటో రూపం), నాణ్యత 75 పెట్టాం.

పొడులు, గోంగూర బాగా వచ్చాయి, తలా 65 కేబీ దగ్గర. ఎర్ర పచ్చళ్ళు చెడ్డాయి. ఆవకాయ నూనె అంచులు అలుక్కుపోయి, ఎరుపంతా ఒకటే ముద్దలా కనబడింది. మామూలు వెబ్‌పీ రంగుల సమాచారాన్ని వెలుగు సమాచారం కన్నా తక్కువ వివరంగా దాస్తుంది. ముదురు ఎరుపులో వివరమంతా రంగులోనే ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడే కనబడుతుంది. ఎర్రవి అయిదింటికి నాణ్యత 85 చేసి, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో షార్ప్ వైయూవీ (రంగుల అంచులు అలుక్కుపోకుండా చూసే) మార్పిడి టిక్కు పెట్టాం. తలా 110 కేబీ అయ్యాయి, నూనె మెరుపు తిరిగొచ్చింది. ఆ బరువు పెట్టదగ్గదే. పచ్చడి సైటులో ఎరుపు తప్పితే ఇంకేం మిగలదు.

లెక్క: 5 × 110 = 550, 9 × 65 = 585. మొత్తం 1,135 కేబీ.

ఇంకా చేసినవి:

1. ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు అంకెలు పేజీలో రాయడం. లేకపోతే ఫొటో దిగగానే పట్టిక కిందికి జారి, వేలు వేరే బటను మీద పడుతుంది.
2. మొదటి ఫొటో తప్ప మిగతావాటికి లేజీ లోడింగ్ (పేజీ అక్కడికి జరిపినప్పుడే ఫొటో దిగడం). మొదటిదానికీ పెట్టేసరికి పేజీ తెల్లగా ఎక్కువసేపు నిలబడింది, తీసేశాం.
3. ఫొటోలో దాగిన జీపీఎస్ వివరాలు పోయాయో లేదో చూడటం. ఇంట్లో తీసిన ఫొటో ఇంటి చోటు చెప్పేస్తుంది. స్క్వూష్ నుంచి బయటికి వచ్చిన ఫైల్లో అవి లేవు.
4. ఐఫోను ఫొటోలు హెచ్‌ఈఐసీ రూపంలో వస్తే ముందు జేపెగ్‌కు మార్చుకోవడం. అలాగే పెడితే క్రోమ్‌లో కనబడవు.

ట్యూబులైటు కింద తీసిన నాలుగు ఫొటోల్లో ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. సవరించే బదులు పొద్దున కిటికీ పక్కన మళ్ళీ తీయడం తక్కువ పని.

తెరవగానే దిగే బరువు: 33 కేబీ, పై నాలుగు ఫొటోలకు 350 కేబీ. మొత్తం 383. అదే నెమ్మది 4జీలో లెక్క ప్రకారం 2 సెకన్ల లోపు.

ఇప్పటివరకు: 24 గంటలు, రూ. 0.

దశ 6: తెలుగు అక్షరాలు

కరపత్రం డీటీపీ సెంటరులో పేజ్‌మేకరులో, అను ఫాంట్లలో చేయించినది. అందులోంచి తెలుగును కాపీ చేసి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి వస్తుంది. అది యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టిన పాత పద్ధతి. మార్పిడి సాధనాలు ఉన్నాయి, వాడాం. మారిన రెండు పేజీల్లో రవత్తు పక్క అక్షరం మీదికి పోవడం, పొల్లు ఎగిరిపోవడం లాంటివి 31 దొరికాయి. దిద్దడానికి గంటంబావు పట్టింది. పేజీ లోపు సరుకైతే ఫోనులో కొత్తగా టైపు చేయడమో, మాటతో చెప్పి రాయించడమో త్వరగా తెములుతుంది.

ఫాంటు: రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. దుకాణం పేరుకు రామభద్ర బాగుంది. కానీ తెలుగు ఫాంటు ఫైల్లో గుణింతాలూ వత్తులూ అన్నీ ఉండాలి కాబట్టి బరువెక్కువ. ఒక్క పేరు కోసం ఆ ఫైలంతా దించడం దండగ. పేరును రామభద్రలో రాసి ఎస్‌వీజీ (గీతలుగా దాచే తేలికపాటి) బొమ్మగా మార్చాం, పైన రాసిన 6 కేబీ లోగో అదే. మిగతా పేజీకి ఫోనులో ఉన్న ఫాంటే. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఎలాగూ ఉంటుంది.

వరుసల ఎత్తు: తెచ్చుకున్న నమూనాలో 1.2 ఉంది. ఇంగ్లీషుకు సరిపోతుంది. "వస్త్రం", "పచ్చళ్ళు" లాంటి మాటల్లో వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 1.5లో కాస్త మేలు, 1.7లో కుదిరింది. బటన్లలో ఎత్తు ఖాయంగా ఇచ్చిన చోట వత్తులు సగానికి తెగాయి. ఎత్తు తీసేసి, పైనా కిందా ఖాళీ ఇచ్చాం.

రెండు అంచులూ సమంగా ఉండే అమరిక తీసేశాం. తెలుగు మాటలు పొడుగు, ఇరుకు తెరలో ఒక వరుసకు మూడు మాటలే పడతాయి, మధ్యలో పెద్ద సందులు. ఎడమ అంచే మేలు. వాలు అక్షరాలు కూడా వద్దు.

చిన్న సంగతి, కానీ ఊరికే చిరాకు పెడుతుంది: "హైదరాబాద్‌లో" అన్న మాటలో పొల్లుకూ "లో"కూ మధ్య కనబడని విరామ గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉండాలి. లేకపోతే లవత్తు పడి "హైదరాబాద్లో" అవుతుంది. ఫోను కీబోర్డులు కొన్నింటిలో ఆ మీట లేదు. "హైదరాబాదులో" అని రాస్తే పేచీయే లేదు. మనవాళ్ళు మాట్లాడేదీ అదే.

నమూనాలో పేజీ భాష ఇంగ్లీషు అని ఉండిపోయింది. తెలుగుకు మార్చాలి. లేకపోతే తెర చదివే సాధనాలు తెలుగును ఇంగ్లీషు అనుకుని చదవబోతాయి.

ఇప్పటివరకు: 30 గంటలు, రూ. 0.

దశ 7: డొమైన్

ఈ ప్రాజెక్టులో డబ్బు పెట్టి తీరాల్సినది ఇదొక్కటే. చిరునామా మనదైతే వెనకున్న సాధనాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

పేరు ఎంపికలో తెలుగు మాటకు ఇంగ్లీషు స్పెల్లింగు పెద్ద తలనొప్పి. పచ్చళ్ళు అని రాయమంటే చకారానికి ఒకరు ఒక సీ, ఒకరు రెండు, మరొకరు సీహెచ్ రెండుసార్లు వేస్తారు. పరీక్ష ఇలా: పేరును ఫోనులో అయిదుగురికి చెప్పి, వాళ్ళకు తోచినట్టు రాసి పంపమనాలి. మొదటి పేరుకు అయిదుగురూ నాలుగు రకాలుగా రాశారు. రెండో పేరుకు మూడు. మూడో పేరును నలుగురు ఒకేలా రాశారు, అదే తీసుకున్నాం. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ కూడా దొరుకుతుంది. కానీ కొన్ని చోట్ల ఆ లింకు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల వరుసగా మారి కనబడుతుంది కాబట్టి దాన్ని మొదటి చిరునామాగా పెట్టలేదు.

ధర: డాట్ ఇన్, మొదటి ఏడాది ఆఫరులో రూ. 399, మీద 18 శాతం జీఎస్టీ, కలిపి రూ. 471. రెండో ఏడాది నుంచి 749, జీఎస్టీతో రూ. 884. ఎప్పుడూ రెండో అంకె చూసి కొనాలి. బుట్టలో ఈమెయిలు ట్రయలు, సైటు బిల్డరు, ఎస్‌ఎస్‌ఎల్ (భద్రతా సర్టిఫికెట్టు) వాటంతట అవే చేరాయి, అన్నీ తీసేశాం. భద్రతా సర్టిఫికెట్టు క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగానే ఇస్తుంది. నమోదు యజమాని పేరు, ఫోను, ఈమెయిలుతోనే జరగాలి. సైటు కట్టిన కుర్రాడి పేరున డొమైన్ ఉండిపోయి, అతను ఊరు మారాక చిరునామా చేజారిన దుకాణాలు కొల్లలు.

తగిలింపు:

1. అమ్మిన చోట డీఎన్‌ఎస్‌సెక్ (డొమైన్ వివరాలకు వేసే భద్రతా ముద్ర) ఆన్‌లో ఉంటే ముందు ఆపాలి. ఆపకుండా నేమ్‌సర్వర్లు (డొమైన్ ఏ సర్వరుకు వెళ్ళాలో చెప్పేవి) మారిస్తే చాలామందికి సైటు తెరుచుకోదు.
2. డొమైన్‌ను క్లౌడ్‌ఫ్లేర్‌లో చేర్చి, అది ఇచ్చిన రెండు నేమ్‌సర్వర్లను అమ్మిన చోట రాయాలి.
3. పేజెస్ ప్రాజెక్టులో సొంత డొమైన్ చేర్చాలి.

మూడో అడుగు దగ్గర రెండు గంటలు పోయాయి. డొమైన్ చేర్చినప్పుడు పాత రికార్డులను క్లౌడ్‌ఫ్లేర్ తనంతట తనే తెచ్చుకుంది. అందులో "ఈ డొమైన్ అమ్ముడైంది" అని చూపే తాత్కాలిక పేజీ తాలూకు "A" రికార్డు (డొమైన్‌ను ఒక సర్వరుకు చూపే వరుస) కూడా ఉంది. దాన్ని చెరిపేదాకా కొత్త సైటు రాలేదు.

ఈమెయిలుకు క్లౌడ్‌ఫ్లేర్ ఈమెయిల్ రౌటింగ్ వాడాం. సొంత డొమైన్‌కు వచ్చిన ఉత్తరం ఉన్న జీమెయిలుకు వెళ్తుంది. జవాబు మాత్రం జీమెయిలు పేరుతోనే పోతుంది. పచ్చళ్ళ వ్యాపారానికి అది చాలు. తర్వాత వేరే మెయిలు సేవ చేరిస్తే ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరున ఉత్తరాలు ఎవరు పంపవచ్చో చెప్పే) రికార్డు రెండోది పెట్టకూడదు, ఉన్నదానిలోనే కలపాలి.

ఇప్పటివరకు: 34 గంటలు, రూ. 471.

దశ 8: ఆర్డర్లు, డబ్బు

బుట్ట, చెల్లింపు గేట్‌వే పెట్టలేదు. కారణం కొరియరు. ప్యాకింగుతో కిలో సీసా కిలోంపావు దాటుతుంది. పెట్టె పెద్దదైతే అసలు తూకం కాకుండా కొలతల తూకం కడతారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తే కిలోలు. ఊరినిబట్టి రేటు వేరు. ఇవన్నీ తేలకముందే డబ్బు తీసుకుంటే తిరిగిచ్చే లెక్కలు మొదలవుతాయి. రోజుకు పది ఆర్డర్లలోపు వాట్సాప్ మాటే మేలు.

ప్రతి రకం పక్కన వాట్సాప్ బటను. అందులో తప్పినవి:

నంబరు ముందు సున్నా ఉంది, తెరుచుకోలేదు. 91తో మొదలై పదంకెలు, మధ్యలో ఖాళీ గానీ ప్లస్ గుర్తు గానీ లేకుండా రాయాలి.

ముందే రాసి ఉంచిన సందేశంలో "ఆవకాయ & మాగాయ" అని పెడితే సందేశం "ఆవకాయ" దగ్గరే తెగింది. లింకులో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది. సందేశాన్నంతా ఎన్‌కోడ్ చేసి (లింకులో చెల్లే గుర్తులుగా మార్చి) పెట్టాలి. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఎన్‌కోడ్ చేస్తే 9 గుర్తులు. "ఆవకాయ" అన్న ఒక్క మాట 45 గుర్తులవుతుంది. కాబట్టి లింకులోని సందేశం ఒక్క వరుసకు కుదించి, మిగతాది వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా (ముందే రాసి ఉంచిన జవాబు) పెట్టాం.

యూపీఐ: పేజీలో యూపీఐ లింకు పెడితే కొన్ని ఫోన్లలో యాప్ తెరుచుకుంది, కొన్నింటిలో తెరుచుకున్నాక చెల్లింపు ఆగిపోయింది. క్యూఆర్ బొమ్మ పెడితే, సైటు చూసే ఫోనుతోనే ఆ ఫోను తెరను స్కాన్ చేయలేరు. రెండూ తీసేశాం. మొత్తం ఖాయమయ్యాక చాట్‌లోనే క్యూఆర్ పంపడం, దాన్ని ఫోనులో దాచుకుని యూపీఐ యాప్‌లో తెరుస్తారు.

పేజీ అడుగున తప్పనిసరిగా ఉండాల్సినవి: యూనిటు పేరు, పూర్తి చిరునామా, ఫోను, ఫిర్యాదులు ఎవరికి చెప్పాలో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు. ఒక్కో సరుకు దగ్గర నికర బరువు, ఎంఆర్‌పీ, దినుసులు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రిభుజం. నూనె నువ్వులదా వేరుశనగదా అన్నది విడిగా రాశాం. అలర్జీ ఉన్నవాళ్ళు ముందు చూసేది అదే.

ఇప్పటివరకు: 37 గంటలు, రూ. 471.

దశ 9: వెతికితే దొరకడం

సెర్చ్ కన్సోల్‌లో (సైటు వెతుకులాటలో ఎలా కనబడుతుందో చూపే గూగుల్ సాధనం) డొమైన్ మొత్తాన్ని చేర్చి, డొమైన్ మనదేనని రుజువుగా ఇచ్చిన టీఎక్స్‌టీ రికార్డును క్లౌడ్‌ఫ్లేర్‌లో పెట్టడం పది నిమిషాల పని. ఒక్కటి మరిచాం: తాత్కాలికంగా ఇచ్చిన పేజెస్ చిరునామా కూడా తెరుచుకునే ఉంటుంది. ఒకే పేజీకి రెండు చిరునామాలు. కనానికల్ వరుసలో (అసలు చిరునామా ఏదో గూగుల్‌కు చెప్పే వరుస) సొంత చిరునామా రాసి, పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్ళించాం.

పేజీ పేరులో తెలుగుతో పాటు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయాలి. కొనేవాళ్ళలో చాలామంది ఆవకాయను ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు, అదీ రకరకాల స్పెల్లింగులతో. ఒక్కటి పేరులో, రెండు వివరణలో పెట్టాం. అన్నీ గుప్పించి చదవలేని వాక్యం చేయవద్దు.

బిజినెస్ ప్రొఫైల్: కొనేవాళ్ళు ఇంటికి రారు కాబట్టి చిరునామా దాచి, మనమే సరుకు ఇచ్చి వచ్చే ప్రాంతాలు రాయాలి. 20 వరకు ఇవ్వవచ్చు. ధ్రువీకరణకు ఆపకుండా, కత్తిరించకుండా తీసిన వీడియో అడిగారు. మొదటిది కుదరలేదు: వీధి ఉంది, వంటిల్లు ఉంది, దుకాణం పేరు ఎక్కడా లేదు. గుమ్మానికి చిన్న ఫ్లెక్సీ బోర్డు, రూ. 150. రెండో వీడియోలో వీధి మలుపు, బోర్డు, తాళం తీయడం, జాడీలు, పేరున్న లేబుళ్ళు వరుసగా చూపాం. ఒప్పుకున్నారు.

ఇప్పటివరకు: 41 గంటలు, రూ. 621.

దశ 10: ఖాళీ చేసే పరీక్ష

అయిదో షరతును మాటకు వదలకుండా చేసి చూశాం. ఫోల్డరును మరో ఉచిత హోస్టింగులో ఎక్కించి, డొమైన్‌లో ఒక సబ్‌డొమైన్‌ను (డొమైన్ ముందు ఒక మాట చేర్చిన చిరునామా) దానికి చూపాం. 18 ఫైళ్ళు, ధరలు, బటన్లు అన్నీ పనిచేశాయి. 35 నిమిషాలు పట్టింది, అందులో 20 నిమిషాలు డీఎన్‌ఎస్ (చిరునామా మార్పు అంతటా చేరడం) కోసం ఎదురుచూపే. షీటు లింకు చచ్చిపోతే ఏమవుతుందో చూడటానికి ప్రచురణ ఆపాం. తేదీతో పాత ధరలు వచ్చాయి. తర్వాత మళ్ళీ ప్రచురించి, పేజీలో ఉన్న లింకు పనిచేస్తోందో లేదో సరిచూశాం.

ఫోల్డరు కాపీలు మూడు: యజమాని ఫోనులో, గూగుల్ డ్రైవులో, పెన్‌డ్రైవులో. పాస్‌వర్డులు నోటుపుస్తకంలో, జాడీల బీరువాలో.

మొత్తం: 42 గంటలు, రూ. 621. వచ్చే ఏడాది రూ. 884, గడువుకు నెల ముందు ఫోనులో అలారం.

ఇంకా మిగిలిన పని: అమెరికా నుంచి అడిగేవాళ్ళకు బరువును బట్టి పంపే ఖర్చు పట్టిక. షీటులో ఇంకో నిలువు వరుస పెడితే 330 పిక్సెళ్ళ లెక్క మళ్ళీ తప్పుతుంది, కాబట్టి దానికి వేరే షీటు, వేరే పేజీ. ధరల స్క్రిప్టే అక్కడా సరిపోతుంది, లింకు ఒక్కటి మార్చాలి.